గ్రీన్‌హౌస్‌లో కరివేపాకు చెట్టుని చలి నుంచి ఎలా కాపాడాలి, ఏ హీటర్ సేఫ్?

అందరికీ నమస్తే అండి, మేం న్యూజెర్సీలో ఉంటాం, పెరట్లో 8 అడుగులకి 6 అడుగుల చిన్న పాలీకార్బొనేట్ గ్రీన్‌హౌస్ ఉంది, అందులో మా అమ్మ గింజ నాటి మొలిపించిన కరివేపాకు చెట్టు, రెండు మల్లె కుండీలు పెట్టాం. నిన్న రాత్రి 28 ఫారెన్‌హీట్‌కి పడిపోయింది, పొద్దున్నే వెళ్లి చూస్తే గోడకి ఆనుకున్న కొమ్మలో ఆకులన్నీ నల్లబడి ఉడికిన తోటకూరలా వేలాడుతున్నాయి, మధ్యలోవి బానే ఉన్నాయి. ప్రాణం ఉసూరుమంది.

ప్రొపేన్ హీటర్ పెడదామంటే అన్నీ మూసేసిన చోట కార్బన్ మోనాక్సైడ్ భయం, పైగా అది మండితే నీటి ఆవిరి కూడా వస్తుంది కదా, తేమకి బూజు పడుతుంది. అందుకే 1500 వాట్ల ఆయిల్ హీటర్ అనుకుంటున్నా, కానీ ఇంటి నుంచి 40 అడుగుల వైరు లాగాలి, అది 12 ఆంప్స్ పైనే తీసుకుంటుంది, సన్న ఎక్స్‌టెన్షన్ కార్డ్ అయితే వేడెక్కి అంటుకుంటుందేమోనని రాత్రి నిద్ర పట్టదు నాకు. బయట వాడే మందపాటి 12 గేజ్ కార్డ్, జీఎఫ్‌సీఐ సాకెట్ (కరెంట్ లీకైతే వెంటనే ఆపేసేది) ఉంటే సరిపోతుందా, లేక ఎలక్ట్రీషియన్‌తో విడిగా లైన్ వేయించాల్సిందేనా? థర్మోస్టాట్ 45 ఫారెన్‌హీట్ మీద పెడితే కరివేపాకు తట్టుకుంటుందా?

నల్ల డ్రమ్ముల్లో నీళ్లు నింపి పెడితే పగటి ఎండ వేడి పట్టి రాత్రి వదులుతాయంటారు, ఇక్కడి జనవరి చలికి ఆ ఒక్కటే ఆగదని నా అనుమానం, లోపల బబుల్ ర్యాప్ కూడా కడదామనుకుంటున్నా. ఎవరైనా చేసి చూశారా?

ఇంకోటి, ఆ నల్లబడ్డ కొమ్మ ఇప్పుడే కొట్టేయాలా, చిగురు వచ్చేదాకా ఆగాలా? ఈ వారం మళ్లీ మంచు పడుతుందంటున్నారు, కాస్త తొందరగా చెప్పండి ప్లీజ్.