అప్‌డేట్: మైపాడుకు పోర్ట్రా, చీమకుర్తికి హెచ్‌పీ5

నాన్న వాడిన యాషికా మ్యాట్ ఫిల్మ్ కెమెరాకి కలర్ ఫిల్ములైన ఎక్టార్ 100, పోర్ట్రా 400, బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ హెచ్‌పీ5 ప్లస్‌లలో ఏది కొనాలని ఇక్కడ అడిగాను కదా. మూడూ వేసి చూశాను. సలహా ఇచ్చిన అన్నలందరికీ థ్యాంక్స్.

మైపాడు బీచ్‌లో ఎక్టార్ పడవల రంగులను అదరగొట్టింది. కానీ ఎండలో కమిలిన ముఖాలు మరీ ఎర్రబడ్డాయి. మనుషులుంటే పోర్ట్రానే. దాని స్పీడు 400 అయినా 200 అనుకుని వెలుగు మీటర్ చేస్తే, అంటే రెట్టింపు వెలుగు ఇస్తే, టోపీ నీడలో కళ్లు కూడా తెలిశాయి, వెనక ఇసుక పూర్తిగా తెల్లబడిపోలేదు. ఇలాంటి నెగటివ్ ఫిల్మ్ ఎక్కువ వెలుగును బాగానే తట్టుకుంటుంది, తక్కువైతేనే కష్టం.

అసలు మజా చీమకుర్తి క్వారీలో. మామయ్య అనుమతి ఇప్పించాడు. అక్కడి నల్ల గెలాక్సీ అనే గ్రానైట్ రాయిలో బంగారు చుక్కలుంటాయి. హెచ్‌పీ5లో ఆ పసిమి పోతుందనుకోండి, కానీ కోసిన అంచుల మీద డ్రిల్ గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. డెవలప్ ఇంట్లోనే. డీ-76 అనే డెవలపర్ మందు స్టాక్‌లో (పలచన చేయకుండా) 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. ఒంగోలు వేసవిలో కుళాయి నీళ్లు 20కి ఎక్కడ దిగుతాయి! టబ్‌లో ఐసు గడ్డలు వేసి, అందులో సీసాలు పెట్టాల్సి వచ్చింది.

వెల్వియా 50 వేయమన్న అన్నకు: అది స్లైడ్ ఫిల్మ్ (నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చేది), ఎక్స్‌పోజర్, అంటే పడే వెలుగు, అర స్టాప్ అంత కొంచెం తప్పినా ఊరుకోదు. రోలుకు 12 ఫ్రేములే, నాకు ఆ టెన్షన్ వద్దు.