సమస్యాపూరణం: కంసునకుఁ గృష్ణుఁడే సర్వకాలసఖుఁడు

నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఇది. చివరి పాదం నాది, పై మూడు పాదాలు మీవి.

కంసునకుఁ గృష్ణుఁడే సర్వకాలసఖుఁడు

తేటగీతి పాదం. గణాలంటే అక్షరాల గుంపులు: సూర్యగణం ఒకటి, ఇంద్రగణాలు రెండు, మళ్లీ సూర్యగణాలు రెండు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, నాలుగో గణం మొదటి అక్షరానికి. దాని బదులు ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరాల పొంతన, వేసినా అభ్యంతరం లేదు.

చిక్కు ఎక్కడుందో మీకు తెలుసు. చంపడానికి వెతికినవాడికి, చంపబోయేవాడు చెలికాడు ఎలా అవుతాడు? భయాన్ని పట్టుకుంటే ముడి విడుతుంది. దేవకి పెళ్లిరథం పగ్గాలు పట్టుకున్న చేతులతోనే ఆమె జుట్టు పట్టుకున్నాడు కంసుడు. ఆకాశంలో వినబడిన ఒక్క మాటకి! ఆ రోజు నుంచి అతడి బతుకంతా ఆ మాటే. కృష్ణుడు వ్రేపల్లెలో 11 ఏళ్లు పెరిగాడని భాగవతం తృతీయ స్కంధంలో ఉద్ధవుడు విదురుడితో అంటాడు. ఆ 11 ఏళ్లూ కంసుడు ఆ పిల్లవాణ్ణి కళ్లతో చూడలేదు. చూసింది చివరిరోజున, మల్లరంగంలో. మరి అన్నేళ్లు ఎవరిని చూసి వణికాడు? పూరణలో నాకు కావలసింది అదే.

ఒక విన్నపం. "భయపడెను" అని చెప్పకండి. ఏం చూసి భయపడ్డాడో చూపించండి.

తణుకు మాస్టారు:
నా ప్రయత్నం.

నిదురలోఁ గూడ మెదలును, నీటఁ దోఁచు,
కుడుచు కంచంబులోఁ దానె కూరుచుండు,
నడువ వెనువెంట వచ్చు నెన్నండు విడఁడు
కంసునకుఁ గృష్ణుఁడే సర్వకాలసఖుఁడు

నిర్వాహకుడు:
మాస్టారూ, మొదటి పూరణ ఎప్పుడూ మీదే. ధార తేటగా ఉంది. రెండో పాదం దగ్గర ఆగిపోయాను. అన్నం కలుపుకోబోతే కంచంలో కృష్ణుడు కూర్చుని ఉన్నాడు! ఇక ముద్ద ఎలా దిగుతుంది? నిద్ర, నీళ్లు, నడక అందరికీ తట్టేవే. కంచం మాత్రం మీకే తట్టింది. మూడో పాదంలో "వెనువెంట వచ్చు" అన్నాక "ఎన్నండు విడఁడు" అనడం చెప్పినదే మళ్లీ చెప్పినట్టయింది. అక్కడ ఇంకో వస్తువు పడితే పద్యం బరువెక్కేది.

పోతన గారు దశమ స్కంధంలో ఈ ఘట్టానికి ఒక సీసమే కేటాయించారు. చెవిన ఏ చప్పుడు పడినా హరి గొంతే అనుకోవడం, ఒంటికి గడ్డిపోచ తగిలినా హరి చేతిదెబ్బేమోనని ఉలిక్కిపడటం. గడ్డిపోచ! అంత చిన్న వస్తువుతో అంత పెద్ద రాజుని వణికించాడు మహానుభావుడు. మనం నేర్చుకోవలసింది ఆ ఎంపిక.

డాలస్ తమ్ముడు:
గురువుగారూ, పద్యం రాయడం మొదలుపెట్టి ఆరు నెలలే అయింది. తప్పులుంటే దిద్దండి.

తలుపు గడియ చప్పుడు విన్న తత్తరపడు,
దీపశిఖ యూఁగ నుదుటను దిగును చెమట,
నీడ కదలిన నతఁడె యం చులికిపడును
కంసునకుఁ గృష్ణుఁడే సర్వకాలసఖుఁడు

బెజవాడ మిత్రుడు:
తమ్ముడూ, మూడో పాదంలో యతి తప్పింది. "నీ"కి "చు" ఎలా కుదురుతుంది? "అంచు + ఉలికి" అని విడదీసి ఉకారం అనుకున్నా ఈకారంతో కలవదు.

నిర్వాహకుడు:
నిజమే, యతి తప్పింది. గణాలు మాత్రం అన్నీ సరిగ్గా పడ్డాయి, అది చిన్న విషయం కాదు. ఇలా మార్చి చూడు, బాబూ:

నీడ కదలిన నతఁడంచు నీరుగారు

"నీ"కి "నీ" కుదిరింది. పైగా "ఉలికిపడు" అంటే మొదటి పాదంలోని "తత్తరపడు"నే మళ్లీ అన్నట్టు. "నీరుగారు" అంటే లోపలి సత్తువ జారిపోవడం. మొదట ఉలికిపాటు, తర్వాత చెమట, ఆ తర్వాత నీరుగారిపోవడం. భయం ఒంట్లోకి దిగే వరుస ఇదే కదా.

నీ పద్యం మొదటి పాదం నాకు బాగా నచ్చింది. చిన్నప్పుడు పొలంలో నాన్నకి అన్నం క్యారేజీ ఇచ్చి చీకటిపడ్డాక గట్టు మీద ఒక్కణ్ణే వచ్చేవాణ్ణి. నా చెప్పుల చప్పుడే నా వెనక ఇంకెవరో నడుస్తున్నట్టు వినిపించేది. నేను ఆగితే అదీ ఆగేది. పరిగెత్తితే అదీ పరిగెత్తేది. చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటిదాకా వచ్చేవాణ్ణి. గడియ చప్పుడుకి తత్తరపడే కంసుణ్ణి చదివితే ఆ గట్టు గుర్తొచ్చింది.

బెజవాడ మిత్రుడు:
నేను విరుపుతో పూరించాను.

నమ్మి కొలిచినవారికి నరున కట్లు
తోడునీడయి నిలుచును, దొడరినంతఁ
జావు మూడెను మధురలో సభను నాఁడు
కంసునకుఁ, గృష్ణుఁడే సర్వకాలసఖుఁడు

తణుకు మాస్టారు:
భేష్! అవధాన వేదిక మీద చప్పట్లు మోగే పూరణ. "చావు మూడెను కంసునకు" అని అక్కడ విరిచి, మిగిలిన పాదాన్ని భక్తుల పక్షాన నిలబెట్టారు. మూడో పాదంలో చ, స యతి కూడా చక్కగా నప్పింది.

నిర్వాహకుడు:
మాస్టారి మాటే నాదీను. శాస్త్రప్రకారం వంక పెట్టడానికి లేదు. నాకు మాత్రం ఒక అసంతృప్తి మిగిలింది. సమస్యలో ఉన్న ముల్లుని తీసి పక్కన పెట్టి దారి నడిచారు. కంసుడు, కృష్ణుడు ఒకే వాక్యంలో సఖులుగా ఉండటమే ఇక్కడ అందం. దాన్ని రెండు ముక్కలు చేశాక కంసుడి గదిలోకి మనం వెళ్లనే లేదు. మీకు ఆ శక్తి ఉంది కాబట్టి అడుగుతున్నాను, విరుపు లేకుండా ఇంకొకటి రాయండి.

బెజవాడ మిత్రుడు:
తప్పకుండా. ఒక సందేహం. భయంతో లోకమంతా శత్రువుగా చూడటంలో కంసుడికంటే మారీచుడు ముందు కదా? సమస్య అతడి పేరుతో ఇవ్వవలసింది.

నిర్వాహకుడు:
మంచి మాట. అరణ్యకాండలో మారీచుడు రావణుడితో చెప్పుకునే గోడు చదివితే ఎవరికైనా జాలేస్తుంది. ఒకసారి విశ్వామిత్రుడి యాగం దగ్గర రాముడి బాణం అతణ్ణి సముద్రంలో పడేసింది. రెండోసారి దండకలో మృగరూపంలో వెళితే తోడు వచ్చిన ఇద్దరూ చచ్చారు, తానొక్కడే బతికి బయటపడ్డాడు. ఇక అప్పటినుంచి చెట్టుచెట్టుకీ నారచీరలు కట్టిన రాముడే. అడవంతా రాములే. రత్నం, రథం లాంటి మాటలు వినబడినా "ర" అనే అక్షరానికే గుండె జారిపోయేది. ఒక్క అక్షరానికి భయపడటం! వాల్మీకి మహర్షికి మనసు లోతు ఎంత తెలుసో చూడండి.

అయినా ఇద్దరికీ తేడా ఉంది. మారీచుడు దెబ్బ తిన్నాడు, తర్వాత భయపడ్డాడు. కంసుడు ఏ దెబ్బా తినకుండానే భయపడ్డాడు. అతడి కృష్ణుణ్ణి అతడే తయారుచేసుకున్నాడు. అందుకే కంసుణ్ణి ఎంచుకున్నాను.

హనుమకొండ టీచరమ్మ:
ఆలస్యంగా వచ్చాను, పదో తరగతి పేపర్లు దిద్దే పని. మల్లయుద్ధం ముందు రాత్రి కంసుడికి కనబడిన దుశ్శకునాలతో రాశాను.

అద్దమునఁ జూడఁ దలలేని యాకృతి గనె,
నీడలో వేయి తూఁటులు నిండియుండె,
చెవులు మూసినఁ జిఱు సద్దు చిక్కలేదు
కంసునకుఁ గృష్ణుఁడే సర్వకాలసఖుఁడు

డాలస్ తమ్ముడు:
అమ్మా, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. చెవులు మూసుకోవడం ఎందుకు?

హనుమకొండ టీచరమ్మ:
రెండు చెవులూ వేళ్లతో గట్టిగా మూసుకుని చూడు, బాబూ. లోపల హోరుమని ఒక సద్దు వినబడుతుంది. దాన్ని ప్రాణఘోష అంటారు. అది వినబడకపోతే చావు దగ్గరపడిందని నమ్మకం. ఆ రాత్రి కంసుడికి అది వినబడలేదని భాగవతం. అద్దంలో తల కనబడకపోవడం, నీడలో తూట్లు, ఒక్క దీపం రెండుగా తోచడం, మట్టిలో తన అడుగులు తనకే కనబడకపోవడం, అన్నీ అక్కడివే. తూట్లు "వేయి" అన్నది మాత్రం నా లెక్క.

తణుకు మాస్టారు:
అమ్మా, పద్యం గొప్పగా ఉంది. చిన్న సందేహం. మూడు పాదాలకీ నాలుగో పాదానికీ లంకె ఎక్కడ? శకునాలు చెప్పి ఒక్కసారిగా "సఖుడు" అనేశారు. "కాన" అనో "అంత" అనో ఉండాలి కదా?

నిర్వాహకుడు:
మాస్టారూ, ఈ ఒక్కసారి మీతో విభేదిస్తాను. లంకె ఉంది, బయటికి కనబడదు. తల విడిచిపోయింది. నీడ చిల్లులుపడింది. చివరికి ఊపిరి సద్దు కూడా వదిలేసింది. మనిషికి పుట్టినప్పటినుంచీ తోడుండేవి ఇవే. అవన్నీ వెళ్లిపోయిన గదిలో ఇక వదలనివాడు ఎవడు? నాలుగో పాదం ఆ ప్రశ్నకి జవాబు. "కాన" అని పెడితే ఆ నిశ్శబ్దం చెడిపోతుంది. మూడు పాదాల్లో కృష్ణుడి పేరు లేదు, భయం అన్న మాట లేదు. ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదేనని మొహమాటం లేకుండా చెబుతున్నాను.

తణుకు మాస్టారు:
మీరు చెప్పాక మళ్లీ చదివాను. ఒప్పుకుంటున్నాను.

నంద్యాల చెల్లెలు:
అందరికీ నమస్కారం. నేను సమస్యతోనే తగువుకి వచ్చాను. ఏమీ అనుకోకండి.

ఆఱు పసికూనలనుఁ జంపినట్టి చేతు
లెన్ని యేఱులఁ గడిగిన నెఱుపు వోదు;
వాని భయమును భక్తిగా వ్రాయఁ దగునె
"కంసునకుఁ గృష్ణుఁడే సర్వకాలసఖుఁడు"?

బెజవాడ మిత్రుడు:
చివర "అని" అధ్యాహారం చేసుకోవాలి, అంటే ఆ మాట లేకున్నా ఉందనుకుని చదవాలి. చెల్లుతుంది. కానీ అమ్మా, సప్తమ స్కంధంలో నారదుడు ధర్మరాజుకి చెప్పింది ఇదే కదా. గోపికలు కామంతో, కంసుడు భయంతో, శిశుపాలుడు మొదలైనవాళ్లు వైరంతో, ఏ దారినైనా హరిని చేరారని. తుమ్మెద గూటిలో చిక్కిన పురుగు భయంతో తుమ్మెదనే తలచి తుమ్మెద అయినట్టు. పోతన గారి పద్యం మనందరికీ నోటికి వచ్చినదే.

నంద్యాల చెల్లెలు:
వచ్చు అన్నయ్యా, నాకూ వచ్చు. మా అమ్మ పొద్దున్నే చదువుకునేది. కంసుడికి ముక్తి రావడం మీద నాకు తగువు లేదు, అది ఇచ్చినవాడి దయ. మన పద్యాల మీదే తగువు. ఇప్పటిదాకా వచ్చిన నాలుగు పూరణల్లో ఆ పిల్లలు ఒక్కదానిలోనూ లేరు. అనుమానం పెనుభూతం అంటాం. ఆ భూతం తిన్నది కంసుణ్ణి ఒక్కణ్ణే కాదు. ఏ కలా చూడని, ఏ నీడకీ భయపడటం తెలియని పసివాళ్లని తిన్నది. ఎనిమిదోవాడని కదా గగనవాణి చెప్పింది? మొదటి పిల్లవాణ్ణి వసుదేవుడు తెచ్చి చేతికిస్తే, వీడితో నాకు భయం లేదని కంసుడే తిరిగి పంపాడు. నారదుడు వచ్చి మాట్లాడి వెళ్లాక మళ్లీ తెప్పించి చంపాడు. భయానికి లెక్క కూడా రాదు.

నిర్వాహకుడు:
చెల్లెమ్మా, తగువుకి రావడమే మంచిదయింది. కంసుడి గదిలోకి వెళ్లమన్నది నేనే. ఆ గదిలో ఉయ్యాలలు ఖాళీగా ఉన్నాయని చెప్పడం మరిచాను. మీ రెండో పాదం పద్యానికి పట్టు. "ఎఱుపు వోదు" తర్వాత ఎవరైనా ఒక్క క్షణం ఆగాలి.

నా పూరణ మొన్నే రాసుకున్నాను. మీది చదివాక పెట్టాలా వద్దా అని ఆలోచించి, ఒక్క మాటా మార్చకుండా పెడుతున్నాను. చూసి చెప్పండి.

పల్లెలోఁ బాలు వోసె నా తల్లి యొకతె;
మామ దిగులునుఁ బాలుగ మదినిఁ బోసి
కన్ను గానని శిశువునుఁ గంటఁ బెంచె;
కంసునకుఁ గృష్ణుఁడే సర్వకాలసఖుఁడు

మొదటి పాదంలో "పల్లె", "తల్లి" ప్రాసయతి. యశోద పెంచిన కృష్ణుడు ఒకడు, కంసుడు పెంచిన కృష్ణుడు ఇంకొకడు. ఇద్దరూ 11 ఏళ్లూ కలిసే పెరిగారు. ఒకడు వెన్నతో, ఒకడు దిగులుతో.

హనుమకొండ టీచరమ్మ:
"కన్ను గానని శిశువునుఁ గంటఁ బెంచె". ఈ పాదం రేపు పిల్లలకి బోర్డు మీద రాస్తాను.

డాలస్ తమ్ముడు:
గురువుగారూ, నా పద్యం దిద్దుకుని నోట్సులో రాసుకున్నాను. "నీరుగారు" మా అమ్మమ్మ వాడే మాట. పద్యంలో పడుతుందని నాకు తెలియదు.

నంద్యాల చెల్లెలు:
అన్నయ్యా, మీ పద్యం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇందులోనూ ఆ పిల్లలు లేరనుకున్నాను. రెండోసారి "తల్లి యొకతె" దగ్గర ఆగాను. ఒకతె పాలు పోసింది అన్నారంటే, పోయలేకపోయిన తల్లి ఇంకొకతె ఉన్నట్టే కదా. ఏడుసార్లు బాలింతై ఒక్క బిడ్డకీ పాలివ్వనివ్వని చోట. మీరు ఆమెని తలచుకుని రాశారో, యతి కోసం ఆ మాట పడిందో నేను అడగను. మారుస్తానంటే మాత్రం ఒప్పుకోను.