తండ్రులైన పునీతుల (క్యాథలిక్ చర్చి పవిత్రులుగా ప్రకటించినవాళ్ల) గురించి తెలిసినవాళ్లు చెప్పగలరా?

మా విచారణలో (మా చర్చి పరిధిలో) నాన్నల కూడికకు పది నిమిషాల ప్రసంగం ఇవ్వమన్నారు. పునీతులంటే చర్చి గురువులు, మఠకన్యలు, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షులే ముందు గుర్తొస్తారు. నాకు పిల్లల్ని పెంచినవాళ్లు కావాలి.

యేసును పెంచిన తండ్రి జోజప్పగారి గురించి అందరికీ తెలుసు. ఆయన కాక నాకు బాగా నచ్చింది లూయీ మార్టిన్, మఠకన్య అయిన పునీతురాలు చిన్న తెరేసమ్మగారి నాన్న. ఫ్రాన్స్‌లో గడియారాలు బాగుచేసే పని. తొమ్మిదిమంది పిల్లల్లో నలుగురు చిన్నప్పుడే పోయారు. 1877లో భార్య జేలీ చనిపోయాక ఐదుగురు కూతుళ్లతో లిసియే పట్టణానికి మారారు. 2015లో ఇద్దరినీ కలిపి పునీతులుగా ప్రకటించారు. వాళ్ల కూతురు లెయోనీ మొండిపిల్ల, ఆమెను బడిలోనే ఉంచుకోలేదు. అలాంటి బిడ్డతో ఆయన ఎలా మెలిగారో ఎవరైనా చదివారా? మా కూడికకు అసలు కావాల్సింది అదే.

ఇంకొకరు ఇంగ్లండ్ రాజు దగ్గర మంత్రిగా చేసిన థామస్ మోర్. కొడుకుతో సమానంగా కూతుళ్లకూ లాటిన్, గ్రీకు చదువులు చెప్పించారు. 1535లో మరణశిక్షకు ముందు చెరసాల నుంచి కూతురు మార్గరెట్‌కు రాసిన ఉత్తరాలు ఉన్నాయి. అవి తెలుగులో దొరుకుతాయా?

ఒక ఇబ్బంది. మార్టిన్ కూతుళ్లు ఐదుగురూ మఠాల్లో చేరారు. అది వింటే మా నాన్నలు "మా పిల్లలు ఉద్యోగాలు చేసుకుంటున్నారు, మేం పనికిరామా?" అంటారు (అనడమేంటి, పోయినసారి అన్నారు కూడా!). పిల్లలు మామూలు సంసారాల్లోనే స్థిరపడిన పునీత తండ్రి ఎవరైనా ఉంటే చెప్పండి. రాజులు వద్దు, రోజూ పనికెళ్లే మనిషైతే మేలు.