పాలివ్వడానికి ఆడంబరమేమిటి? ‘ఆస్టెంటేషస్’ అన్న మాటకు తెలుగు కావాలి

అనువాదాల అవస్థ:
సభ్యులందరికీ నమస్కారం. ఇంగ్లండులో ఉండే మన తెలుగు తల్లిదండ్రుల కోసం ఒక చిన్న సంచిక తెస్తున్నాం. పిల్లల పెంపకం మీద తల్లిదండ్రులు అడిగిన వాటికి అక్కడి రాజకీయ నాయకులు ఏం జవాబులు చెప్పారో తెలుగులో పెట్టాలని. మనవల్ని చూసుకోవడానికి ఆరునెలలకు వచ్చే అమ్మమ్మలు, నాయనమ్మలు కూడా చదువుతారు కాబట్టి భాష తేలిగ్గా ఉండాలి. మిగతావాళ్లవి సాగిపోయాయి గానీ నైజెల్ ఫరాజ్ దగ్గర బండి ఆగింది.

సందర్భం ఇదీ. 2014 డిసెంబరు. లండన్ మేఫెయిర్‌లో క్లారిడ్జెస్ హోటల్లో సాయంత్రం టీకి వెళ్లిన ఒక తల్లి బిడ్డకు పాలిస్తుంటే, సిబ్బంది పెద్ద నేప్‌కిన్ తెచ్చి కప్పుకోమన్నారు. దాని మీద దేశమంతా రచ్చ. అప్పుడు ఫరాజ్, బ్రిటన్ యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికి రావాలనే యూకిప్ పార్టీకి నాయకుడు. ఎల్‌బీసీ రేడియోలో ఆయన్ని ఈ సంగతే అడిగారు. తనకు వ్యక్తిగతంగా అంత పట్టింపు లేదన్నాడు, పెద్దవయసువాళ్లు కొందరు ఇబ్బంది పడతారన్నాడు, ఓ మూల కూర్చోవచ్చేమో, అది హోటల్ వాళ్ల ఇష్టం అన్నాడు. ఆ తర్వాత వచ్చింది అసలు మాట. ‘ఓపెన్లీ ఆస్టెంటేషస్’ కాని తీరులో పాలివ్వడం అంత కష్టమేమీ కాదట.

నేను రాసింది: “బహిరంగ ఆడంబరం లేకుండా బిడ్డకు పాలివ్వడం కష్టమేమీ కాదు.” మా అత్తగారికి చదివి వినిపిస్తే “పాలివ్వడానికి ఆడంబరమేంటే, బ్యాండుమేళం గానీ పెట్టించిందా ఆ పిల్ల?” అన్నారు. ఏం రాయమంటారు?

ఇంకోటి. అదే పేజీలో ఆయన్ని ‘యూరోస్కెప్టిక్’ (ఈయూ అంటే అంతగా పడనివాడు) అని పరిచయం చెయ్యాలి. దానికీ ఒక మాట చెప్పి పుణ్యం కట్టుకోండి.

పలకాబలపం:
‘ప్రదర్శనగా’ అని రాసెయ్యండి. అయిపోతుంది.

అనువాదాల అవస్థ:
రాసి చూశానండి. “ప్రదర్శనగా పాలివ్వడం” అంటే టిక్కెట్టు పెట్టినట్టుంది.

కరీంనగర్ పోరడు:
మా దిక్కు దీనికి ఒక్కటే మాట. బిల్డప్. హైదరాబాదుల ఐతే షాన్‌పట్టి. “బిల్డప్ ఇయ్యకుంట పాలియ్యరాదా” అన్నడని రాయుండ్రి, అత్తమ్మకు కూడ సమజైతది. ఐనా పసిపిల్ల ఏడుస్తుంటె బిల్డప్ ఏందక్కా, గా పెద్దమనిషికి.

బొబ్బిలి మాస్టారు:
అమ్మా, మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ బ్యాండుమేళం అన్నది హాస్యానికే కావచ్చు గానీ, సరిగ్గా మాట పుట్టినచోటే వేలు పెట్టారు. సంస్కృతంలో ఆడంబరమంటే మొదట వాద్యం మోత. అమరకోశం ఆ మాటకు తూర్యధ్వని అనీ, ఏనుగుల గర్జన అనీ అర్థాలు చెబుతుంది. డాబు, దర్పం తర్వాత వచ్చి చేరిన అర్థాలు.

అక్కడితో ఆగదు. ఆర్భాటం చూడండి. ఆర్భటి అంటే పెద్ద కేక, గర్జన. నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు వృత్తుల్లో భారతి, సాత్త్వతి, కైశికి పోగా మిగిలిన ఆరభటి యుద్ధాలకూ మాయలకూ కోపతాపాలకూ వాడే ఉద్ధతమైన తీరు. అదీ చప్పుడే. ఇక వాడుకలోకి వస్తే సొంత డప్పు కొట్టుకోవడం, టముకు వేసుకోవడం, దండోరా వేయించుకోవడం. గొప్ప చూపించుకునేవాణ్ణి మనవాళ్లు ఎక్కువగా చెవితో పట్టుకున్నారు.

ఆస్టెంటేషస్ అలా కాదు. దాని మూలం లాటిన్‌లో ‘ఎదుట చాపి చూపడం’. అది కంటికి సంబంధించిన మాట. ఫరాజ్ ఫిర్యాదు కూడా కంటి గురించే, చప్పుడు గురించి కాదు. పాలు తాగే బిడ్డ చప్పుడు చెయ్యదు, తాగనివ్వకపోతేనే చేస్తుంది. అందుకే మీ వాక్యంలో ఆడంబరం అతకలేదు.

కంటికి సంబంధించినవి మనకూ లేకపోలేదు. ఫటాటోపం ఉంది, పాము పడగ విప్పిన ఆర్భాటం. కానీ తల్లిని పాముతో పోల్చిన అపఖ్యాతి ఆయనకెందుకు, మీకెందుకు. డంబం, డాంబికం కూడా వద్దు. వాటి వెనకున్న దంభంలో కపటం ఉంది, లేనిది ఉన్నట్టు చూపడం. పాలు ఉన్నవే కదా.

రెడింగ్ అమ్మ:
మాస్టారూ, ఆ చివరి వాక్యానికి దండం.

నేను ఇద్దరు పిల్లల్ని ఇక్కడే పెంచాను కాబట్టి కాస్త చెబుతాను. ఆయన ఆ మాట అన్నాక ఆ శనివారమే కొందరు తల్లులు హోటల్ బయట పేవ్‌మెంట్ మీద కూర్చుని పిల్లలకు పాలిచ్చారు. అంటే ఆస్టెంటేషస్ అంటే ఏమిటో నిజంగానే చేసి చూపించారు. చట్టం సంగతి కూడా మీ సంచికలో ఒక వాక్యం రాయండి. పాలిస్తోందన్న కారణంతో తల్లిని తక్కువగా చూడటం 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం వివక్ష. స్కాట్లండ్‌లో 2005 నుంచే విడిగా చట్టం ఉంది, రెండేళ్లలోపు బిడ్డకు బయట పాలు పడుతుంటే అడ్డుపడటం అక్కడ నేరం. కాబట్టి “హోటల్ వాళ్ల ఇష్టం” అన్న భాగాన్ని ఊరికే వదిలేస్తే చదివిన అమ్మమ్మలు నిజమేననుకుంటారు.

మాట విషయానికొస్తే, మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇలాంటప్పుడు ఏ విశేషణమూ వాడరు. “నలుగురిలో ఏంటమ్మా”, “కాస్త పైట చాటు చేసుకో”, అంతే. “నలుగురిలో” అన్న ఒక్క మాటలో ఆయన చెప్పిందంతా ఉంది. “నలుగురికీ కనబడేలా కాకుండా” అంటే సరిపోదా?

బొబ్బిలి మాస్టారు:
సగం సరిపోతుంది. కనబడటం వేరు, కనబడాలని చెయ్యడం వేరు. బస్సులో కిటికీ పక్క కూర్చుని పాలిచ్చే తల్లి నలుగురికీ కనబడుతూనే ఉంటుంది, ఆవిడకు ఆ ధ్యాసే ఉండదు. ఆస్టెంటేషస్ అన్నవాడు తల్లికి ఒక ఉద్దేశాన్ని అంటగడుతున్నాడు. కష్టం కలిగించిన మాట అదే. తెలుగులో ఆ నింద పోతే ఆ తల్లులు పేవ్‌మెంట్ మీద ఎందుకు కూర్చున్నారో పాఠకుడికి అర్థం కాదు.

పలకాబలపం:
అయితే ‘కావాలని’ చేర్చండి. “కావాలని నలుగురికీ కనబడేలా”.

రెడింగ్ అమ్మ:
‘పనిగట్టుకుని’ ఇంకా బాగుంటుందేమో? “పనిగట్టుకుని నలుగురి కళ్లా పడేలా.”

బొబ్బిలి మాస్టారు:
ఇదీ మాట. ‘కావాలని’ అంటే ఉద్దేశం ఒక్కటే. ‘పనిగట్టుకుని’ అన్నప్పుడు అక్కర్లేని పనిని నెత్తికెత్తుకుందన్న ఎత్తిపొడుపు కూడా ఉంది. మన పెద్దవాళ్లు సరిగ్గా ఇలాంటి చోటే వాడతారు, “పనిగట్టుకుని వచ్చి చెప్పింది” అని.

సందేహాల సంచి:
నాదో అభ్యంతరం. ఎత్తిపొడుపు ఎక్కువైపోవడం లేదూ? ఆయన మాటలు రేడియోలో ఉన్నవి ఉన్నట్టు దొరుకుతాయి. గట్టిగా తిట్టలేదు. నాకు పట్టింపు లేదు, పెద్దవాళ్ల కోసం చెబుతున్నా అన్నాడు. ఆ ముందుమాటలు తీసేసి చివరి వాక్యం ఒక్కటే అచ్చేస్తే అనువాదం సరైనదే అయినా మనిషికి అన్యాయం చేసినట్టు. నేను ఆయన అభిమానిని కాను, ముందే చెబుతున్నా.

అనువాదాల అవస్థ:
ముందుమాటలు మొత్తం ఉంచుతున్నానండి. వాటి వల్లే ఈ వాక్యం ఇంకా ఇబ్బంది పెడుతోంది. “నాకేం లేదు గానీ జనం ఏమనుకుంటారో” అని మొదలుపెట్టే మాట మనకు తెలియనిదా! మా అత్తగారు ఆ భాగం వినగానే “మన వీధిలో మనిషే” అన్నారు.

కరీంనగర్ పోరడు:
మధ్యల ఒకటి అడుగుత. చంటిపిల్ల అంటం గద, గీ ‘చంటి’ యాడికెల్లి వచ్చింది? మా దోస్తు పేరు గూడ చంటి, వానికి ముప్పై ఏండ్లు.

బొబ్బిలి మాస్టారు:
మీ దోస్తుకు చెప్పకండి గానీ, అది చన్ను నుంచే. కన్ను – కంటి, మిన్ను – మింటి, పన్ను – పంటి, మన్ను – మంటి. అదే దారిలో చన్ను – చంటి. చిన్నయసూరి ఇ, టి, తి వర్ణాలను ఔపవిభక్తికాలు (విభక్తి చేరేటప్పుడు మాట చివర వచ్చేవి) అన్నాడు చూడండి, అందులో టి ఇది. చంటిబిడ్డ అంటే చన్ను కుడిచే బిడ్డ. కంటిపాప, పంటినొప్పి ఎంత మామూలో చంటిబిడ్డ కూడా అంత మామూలు సమాసం. రోజుకు పదిసార్లు, మగవాళ్లం కూడా, నలుగురిలోనే అంటున్నాం. ఎవరూ సిగ్గుపడలేదు.

రెడింగ్ అమ్మ:
నాకు ఇన్నేళ్లుగా తెలియదు! ‘చిన్న’ నుంచి వచ్చిందేమో అనుకునేదాన్ని.

పలకాబలపం:
యూరోస్కెప్టిక్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నేను మొదటిసారి చదివినప్పుడు సెప్టిక్ అనుకున్నా, యూరప్‌కి పుండు పడి చీము పట్టిందేమోనని. ‘ఐరోపా సంశయవాది’ అంటే చాలదా?

సందేహాల సంచి:
సంశయవాది అంటే ఇంకా తేల్చుకోనివాడు. ఫరాజ్‌కు ఏం సంశయం ఉంది? ఆయన 1993లో యూకిప్ పుట్టినప్పటి నుంచి 2018 దాకా అందులోనే ఉన్నాడు, ఆ పార్టీ పుట్టిందే యూరోపియన్ యూనియన్ నుంచి బయటపడటానికి. 2014 మేలో యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో 24 సీట్లతో బ్రిటన్‌లో అందరికంటే ముందు నిలిచింది. 2016 జూన్ 23న జరిగిన రెఫరెండంలో 51.9 శాతం మంది బయటికే ఓటేశారు. సంశయం అనే దశ ఎప్పుడో దాటింది.

కానీ ‘వ్యతిరేకి’ అంటే కూడా అందరికీ వర్తించదు. 1992, 93ల్లో అప్పటి ప్రధాని జాన్ మేజర్‌కు నిద్ర లేకుండా చేసిన కన్సర్వేటివ్ ఎంపీలను కూడా పత్రికలు యూరోస్కెప్టిక్‌లనే అన్నాయి. వాళ్లలో చాలామంది అప్పట్లో కోరింది బయటికి పోవడం కాదు, ఈయూను ఏర్పరచిన మాస్ట్రిక్ట్ ఒప్పందం వద్దనడం. ఒకే ఇంగ్లిషు మాట ఇద్దరినీ మోస్తోంది. తెలుగులో ఇద్దరికీ సరిపోయేది ‘విముఖుడు’ అనుకుంటున్నా. మొహం తిప్పుకున్నవాడు. కొంచెం తిప్పుకున్నా విముఖుడే, పూర్తిగా తిప్పుకున్నా విముఖుడే. ‘ఈయూ విముఖ నాయకుడు’.

కరీంనగర్ పోరడు:
మొహం తిప్పుకున్నోడు 1999 కెల్లి 2020 దాక గదే పార్లమెంటుల సభ్యుడుగ కూసున్నడు గదనే. మొహం అటు, కుర్సీ ఇటు.

రెడింగ్ అమ్మ:
ఇది తల్లిదండ్రుల సంచిక కాబట్టి విముఖత ఎక్కడ తగులుతుందో కూడా చెప్పండి. ప్రసూతి సెలవు కనీసం 14 వారాలుండాలని 1992లో యూరప్ ఆదేశం ఒకటి వచ్చింది. బ్రిటన్ తన చట్టం ప్రకారం 52 వారాలు ఇస్తుంది, అందులో 39 వారాల వరకు ఎంతో కొంత డబ్బు వస్తుంది. ఇలాంటివి మన పార్లమెంటే తేల్చుకోవాలి, ఈయూ కేంద్రమైన బ్రసెల్స్ కాదు అన్నది విముఖుల వాదన. అది ఒక వాదన, కాదనను. కానీ అదే 2014 జనవరిలో ఫరాజ్, ఖాతాదారులను నమ్ముకుని నడిచే ఉద్యోగంలో ఉన్న మహిళ పిల్లల కోసం రెండు మూడేళ్లు ఆగి తిరిగొస్తే యజమానికి ఆమె విలువ బాగా తగ్గుతుందన్నాడు. తల్లులు ఆయన్ని బ్రసెల్స్ గురించి తక్కువ, దీని గురించి ఎక్కువ అడగడంలో వింతేముంది?

అనువాదాల అవస్థ:
అందరికీ ధన్యవాదాలు. ‘ఈయూ విముఖ నాయకుడు’ ఖాయం. వాక్యం ఇలా వచ్చింది, చూడండి:

“కొందరికి బాగా ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి, పనిగట్టుకుని నలుగురి కళ్లా పడేలా కాకుండా బిడ్డకు పాలివ్వడం అంత కష్టమేమీ కాదని నా ఉద్దేశం.”

‘ఓపెన్లీ’ని వదిలేశాను. నలుగురి కళ్లా పడటంలో అది ఉంది.

బొబ్బిలి మాస్టారు:
వదిలెయ్యండి. ఇంగ్లిషులోనే అది చెప్పిందే చెప్పడం.

అనువాదాల అవస్థ:
ఇంకొక్కటి ఉంది, తిట్టుకోకండి. 2025 మేలో ఆయన ‘టూ చైల్డ్ బెనిఫిట్ క్యాప్’ ఎత్తెయ్యాలన్నాడు. నాతోపాటు పనిచేసే అబ్బాయి ‘ఇద్దరు పిల్లల టోపీ’ అని రాసిచ్చాడు.

కరీంనగర్ పోరడు:
టోపీ వెట్టుడే గద, తప్పేం రాసిండు?

రెడింగ్ అమ్మ:
‘ఇద్దరు పిల్లల పరిమితి’ అనండి. 2017 ఏప్రిల్ 6న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన మూడో బిడ్డకు యూనివర్సల్ క్రెడిట్‌లో (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వమిచ్చే సాయంలో) అదనపు డబ్బు రాకుండా ఆపింది అదే. ఉత్త ‘బెనిఫిట్ క్యాప్’ అని ఇంకోటి ఉంది, 2013లో వచ్చింది. ఇంటిల్లిపాదికీ కలిపి వచ్చే సాయం మీద గరిష్ఠ పరిమితి అది. జనం రెండింటినీ కలిపేస్తారు, మీరు కలపకండి. దీనికి విడిగా కొత్త పోస్టు పెట్టండి, ఇది ఇప్పటికే పొడుగైపోయింది.