మా పాపకి స్పీడా, లీడా? క్లైంబింగ్ తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారమండీ. మా పాపకి 12 ఏళ్లు. భువనగిరి కోట రాతిమీద తాడు కట్టుకుని ఎక్కిన రోజు నుంచీ దానికి ఇదే లోకం. ఇప్పుడు వారానికి 3 రోజులు హైదరాబాద్‌లో గోడ ఎక్కుతోంది.

పారిస్ ఒలింపిక్స్‌లో పోలండ్ అమ్మాయి మిరోస్లావ్ 15 మీటర్ల గోడని 6.06 సెకన్లలో ఎక్కడం చూసి స్పీడే కావాలంటోంది. అందులో దారి ఎప్పుడూ ఒకటేనట, బట్టీ పట్టినట్టు సాధన చేయాలట. కోచ్ మాత్రం లీడ్ (తాడుతో ఎత్తైన గోడని ఎంత పైదాకా ఎక్కగలరో చూసేది), బౌల్డరింగ్ (తాడు లేకుండా పొట్టి గోడలు ఎక్కేది) అంటున్నారు. ఈ వయసులో ఒకదానికే కట్టేయాలా?

నా అసలు టెన్షన్ వేళ్లు. మధ్యవేలి కణుపు నొప్పంటోంది. ఎదిగే పిల్లలకి అక్కడి ఎముక చిట్లే ప్రమాదం ఉందని విన్నాను. శిక్షణ ఆపించి ఎముకల డాక్టర్‌కి చూపించబోతున్నాను. మీ పిల్లలకి ఇలా అయిందా? మళ్లీ ఎన్నాళ్లకి ఎక్కారు?