విండోస్ 8 కన్స్యూమర్ ప్రివ్యూ ఎవరైనా వాడుతున్నారా? షాపు సిస్టమ్‌లో వేయొచ్చా?

తెనాలి_డీటీపీ | 2012 మార్చి 9, రాత్రి 11:40

అందరికీ నమస్తే. తెనాలిలో మాకు చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. నాలుగు సిస్టమ్‌లు, రెండింట్లో ఎక్స్‌పీ, ఒకదాంట్లో విండోస్ 7, నాలుగోది ర్యామ్ పోయి ఆర్నెల్లుగా మూల కూర్చుంటే మొన్నే 2 జీబీ వేయించా. ఫిబ్రవరి 29న విండోస్ 8 ప్రివ్యూ (అసలుది రాకముందు వాడి చూడమని ఇచ్చేది) వదిలారు కదా, మొదటి రోజే పది లక్షల డౌన్‌లోడ్లు దాటాయని చదివాక నాకూ చేతులు దురద పెట్టాయి. మా నెట్ ప్లాన్‌లో రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఫ్రీ కాబట్టి అలారం పెట్టుకుని లేచి మరీ పెట్టాను, 64 బిట్ ఫైలు 3.3 జీబీ, మధ్యలో కరెంటు కోత, మళ్లీ మొదట్నించి, మూడు రాత్రులు పట్టింది. మా ఆవిడ అయితే దయ్యం పట్టిందనుకుంది.

ఇప్పుడు డీవీడీ రాసి పెట్టుకున్నా గానీ వేయడానికి భయం. విండోస్ 7 ఉన్న దాని మీదే అప్‌గ్రేడ్ కొట్టేసి, నచ్చకపోతే వెనక్కి వచ్చేయొచ్చా? ఉగాది దాటితే శుభలేఖల పని మొదలవుతుంది, అప్పుడు సిస్టమ్ మొరాయిస్తే నా పని అయిపోయినట్టే. వాడినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. స్టార్ట్ బటన్ లేదంటున్నారు, నిజమేనా?

కీబోర్డ్_కిట్టు | మార్చి 10, ఉదయం 7:15

అన్నా ఆగు ఆగు ఆగు. విండోస్ 7 మీద అప్‌గ్రేడ్ కొట్టకు. దీనికి అన్‌ఇన్‌స్టాల్ లేదు, వెనక్కి రావాలంటే విండోస్ 7 డిస్క్ పెట్టి మొత్తం మళ్లీ ఎక్కించుకోవడమే. పైగా ఇది వచ్చే జనవరి వరకే పనిచేస్తుంది. ఆ మూల కూర్చున్న దాంట్లో వేసుకో, అదే దీనికి సరైన చోటు.

నేను హైదరాబాద్‌లో టెస్టింగ్ చేస్తుంటా, ఇంట్లో పాత డ్యూయల్ కోర్ మీద వారం నుంచి ఇదే నడుపుతున్నా. లోపల చేసిన పని మాత్రం నిజంగా బాగుంది, తిట్టేవాళ్లు ఎవరూ ఇది చెప్పట్లేదు. ఫైళ్లు కాపీ చేసేటప్పుడు ఇంతకుముందు నాలుగు కాపీలు పెడితే నాలుగు విండోలు, "ఇంకా 2 నిమిషాలు" అని ఒకసారి, "ఇంకా 3 గంటలు" అని ఒకసారి... ఇప్పుడు అన్నీ ఒకే విండోలో, స్పీడుకి గ్రాఫ్, నచ్చినదాన్ని పాజ్ చేయొచ్చు. పెన్‌డ్రైవ్‌లు పట్టుకొచ్చే కస్టమర్లు ఉన్న నీకు ఇదొక్కటి చాలు. టాస్క్ మేనేజర్ అయితే కొత్తగా రాశారు, ఏ ప్రోగ్రామ్ ర్యామ్ తింటుందో ఏది డిస్క్ ని నములుతుందో రంగు ముదిరి కనిపిస్తుంది, స్టార్టప్ లో ఏవేవి దూరాయో కూడా అక్కడే ఆపొచ్చు. ఐఎస్ఓ ఫైల్ (సీడీ, డీవీడీ మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసింది) డబుల్ క్లిక్ చేస్తే డ్రైవ్ లాగా తెరుచుకుంటుంది, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. డిఫెండర్ లోనే యాంటీవైరస్ కలిపేశారు. బూట్ అవ్వడం ఎంత ఫాస్టో చెప్పలేను, టీ పెట్టుకునే టైమ్ కూడా ఉండట్లేదు.

స్టార్ట్ బటన్ లేదు, నిజమే. మౌస్ ని ఎడమ కింది మూలకి తీసుకెళ్తే చిన్న బొమ్మ వస్తుంది, అది నొక్కితే స్క్రీన్ మొత్తం పలకలు పలకలుగా మెట్రో. అదే మూలలో రైట్ క్లిక్ కొడితే డివైస్ మేనేజర్, కమాండ్ ప్రాంప్ట్ లాంటివన్నీ ఉన్న మెనూ వస్తుంది, మనలాంటోళ్లకి అది వరం. ఆపడం ఎలాగంటే విండోస్ కీ + ఐ, పవర్, షట్‌డౌన్. నేను మొదటిరోజు ఇది వెతకలేక డెస్క్‌టాప్ మీద ఆల్ట్ + ఎఫ్4 కొట్టి ఆపా.

హన్మకొండ_హార్డ్‌వేర్ | మార్చి 10, ఉదయం 9:52

కిట్టన్నా నువ్వు లోపలి ముచ్చట చెప్తున్నవ్, లోపల మంచిగనే ఉంది ఎవరు కాదన్నరు. నా బాధ మొత్తం మొహంతోనే. ఒక్క సిస్టమ్ ల రెండు సిస్టమ్‌లు పెట్టిన్రు. ముందటి అర్ర ఫంక్షన్ హాలు లెక్క రంగురంగుల లైట్లు, తలుపు తీస్తె లోపల మన పాత ఇల్లే. కంట్రోల్ ప్యానెల్ రెండు, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రెండు, మెట్రోల తెరిచిన పేజీ డెస్క్‌టాప్ ఎక్స్‌ప్లోరర్ ల కనపడదు. డెస్క్‌టాప్ మీద ఫోటో డబుల్ క్లిక్ కొడితె ధడేల్‌మని మెట్రోలకు గుంజుకపోతది, 22 అంగుళాల మానిటర్ మీద ఒక్కటే ఫోటో, పక్కన ఏం పని చేస్తున్ననో మర్చిపోయిన.

ఫోనుకు, టాబ్లెట్ కు మంచిగుంటదేమో. మౌస్ పట్టుకొని మూలలు వెతుక్కుడేంది? రెండు మానిటర్లు పెట్టుకున్నోనికి ఇంక నరకం, మూలకు పోదామంటె మౌస్ జారి పక్క మానిటర్ లకు దుంకుతది.

నెట్‌బుక్_పిల్ల | మార్చి 10, మధ్యాహ్నం 1:20

నేను బీటెక్ సెకండ్ ఇయర్, నా దగ్గర పది అంగుళాల నెట్‌బుక్ ఉంది, స్క్రీన్ 1024 బై 600. డెస్క్‌టాప్ సూపర్‌గా నడుస్తుంది, విండోస్ 7 స్టార్టర్ కంటే లైట్‌గానే ఉంది ఆ మాటకొస్తే. కానీ మెట్రో యాప్స్ ఒక్కటి కూడా తెరుచుకోదు!! రిజల్యూషన్ తక్కువ అంటుంది. కనీసం 1024 బై 768 ఉండాలంట, రెండు యాప్స్ పక్కపక్కన పెట్టాలంటే 1366 బై 768 అంట. అంటే ఆ పలకలన్నీ నాకు గోడమీద కేలెండర్ బొమ్మల్లాగా చూసుకోడానికే.

మా సీనియర్ ఒకతను రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) డౌన్‌స్కేలింగ్ సపోర్టెడ్ అని ఏదో ఉంటుంది, దాన్ని 0 నుంచి 1 చేసి రీస్టార్ట్ చేయమన్నాడు, చేస్తే 1024 బై 768 కూడా సెట్టింగ్స్ లో కనిపించింది, యాప్స్ తెరుచుకున్నాయి కూడా. కాకపోతే అంత ఎత్తుని ఆ చిన్న స్క్రీన్ లో కుక్కుతుంది కాబట్టి అందరి మొహాలూ పూరీల్లా ఉబ్బిపోయాయి, అక్షరాలు చదవలేం. నా వల్ల కాక మళ్లీ 0 చేసేసా.

ఎడిసన్_బావ | మార్చి 10, రాత్రి 10:05

న్యూజెర్సీ నుంచి. అందరూ మౌస్ తో చూసి తిడుతున్నారు, నేను వేళ్లతో వాడాను. పోయిన సెప్టెంబరులో అనహైమ్ లో మైక్రోసాఫ్ట్ వాళ్ల బిల్డ్ కాన్ఫరెన్స్ జరిగినప్పుడు వచ్చినవాళ్లకి శాంసంగ్ టాబ్లెట్లు ఇచ్చారు, విండోస్ 8 డెవలపర్ ప్రివ్యూ (దీనికి ముందు ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం ఇచ్చింది) వేసి. మా కొలీగ్ కి ఒకటి వచ్చింది, ఇప్పుడు దాంట్లో ఈ కన్స్యూమర్ ప్రివ్యూ వేశాడు. సోఫాలో కూర్చుని అంచుల నుంచి తోస్తుంటే నా ఐప్యాడ్ పాతదయిపోయినట్టనిపించింది, అంత స్మూత్. రెండు యాప్‌లు పక్కపక్కన పెట్టుకోవడం ఐప్యాడ్ లో ఎక్కడుంది? ఫోటో మీద గీతలు గీసి అదే పాస్‌వర్డ్ అనడం మా ఐదేళ్ల పాపకి తెగ నచ్చింది (ఇప్పుడు ఆ పాస్‌వర్డ్ మా బిల్డింగ్ లో పిల్లలందరికీ తెలుసు, అది వేరే సంగతి).

ఎక్స్‌పీ 2001 లో వచ్చినప్పుడు ఆ పచ్చ బటన్ నీలం బార్ చూసి బొమ్మల దుకాణం అని నవ్వినవాళ్లే ఇవాళ దాన్ని వదలట్లేదు. అలవాటైపోతుంది బాబూ, ఆర్నెల్లు ఆగండి.

హన్మకొండ_హార్డ్‌వేర్ | మార్చి 11, ఉదయం 8:30

బావా, ఎక్స్‌పీ ల ఆ పచ్చ బటన్ నచ్చకపోతె రెండు క్లిక్కులల్ల పాత మెనూకు పోయేటోళ్లం, క్లాసిక్ అని ఆప్షన్ ఇచ్చిన్రు, విస్టాల కూడ ఇచ్చిన్రు. గదే నేననేది. కొత్తది పెట్టిన్రని కాదు కోపం, పాతది తీసుకపోయిన్రని. సెప్టెంబర్ డెవలపర్ ప్రివ్యూ ల రిజిస్ట్రీల ఒక్క అంకె మారిస్తె పాత స్టార్ట్ మెనూ మళ్ల వచ్చేది, నేనే చేసిన. దీంట్ల ఆ కిటుకు గూడ పనిచేస్తలేదు. అంటె కావాలనే మూసిన్రు కదా. ప్రివ్యూ అంటె మనల్ని అడుగుతున్నట్టా, చెప్తున్నట్టా?

నా దగ్గరికి సిస్టమ్ కొననీకి వచ్చేటోళ్లల్ల టచ్ స్క్రీన్ అడిగినోడు ఒక్కడు లేడు ఇప్పటిదాక. ఇరవై రెండు వేలల్ల అసెంబుల్డ్ సిస్టమ్ అడుగుతరు, మానిటర్ మీద వేలు పెడితె మరకైతదని తిట్టేటోళ్లు.

ఉబుంటు_ఉల్లాసం | మార్చి 11, ఉదయం 9:02

పోయినేడు ఉబుంటు 11.04 లో యూనిటీ అనే కొత్త డెస్క్‌టాప్ వచ్చినప్పుడు మేము అచ్చం ఇలాగే ఏడ్చాం, అప్పుడు మీరంతా నవ్వారు. ఏం లేదు, ఊరికే చెప్పిపోదామని. కాకపోతే మాకు లాగిన్ దగ్గర క్లాసిక్ అని ఉండేది లెండి.

డ్యూయల్‌బూట్_దొర | మార్చి 11, సాయంత్రం 6:44

డీటీపీ గారూ, మీరు విండోస్ 7 పక్కన ఇది కూడా వేద్దామనుకుంటే మూడు సంగతులు, నేను దెబ్బతిని తెలుసుకున్నవి. మొదటి దెబ్బ పూర్తిగా నా తప్పే, పార్టిషన్ సైజులు చూడకుండా నిద్రమత్తులో ఫార్మాట్ కొట్టా, మా చెల్లి నిశ్చితార్థం ఫోటోలు పోయాయి, ఇంట్లో ఇప్పటికీ ఆ టాపిక్ వస్తే నేను బాల్కనీలోకి వెళ్లిపోతా. కాబట్టి బ్యాకప్ ముందు.

తర్వాత, కొత్త బూట్ మెనూ నీలం రంగులో మౌస్ తో నొక్కేలా అందంగా ఉంటుంది, కానీ అది విండోస్ 8 సగం లోడయ్యాక వస్తుంది, అందుకే మీరు అందులో విండోస్ 7 నొక్కితే సిస్టమ్ మొత్తం రీస్టార్ట్ అయ్యి అప్పుడు 7 లోకి వెళ్తుంది. డిఫాల్ట్ ని 7 కి మార్చుకుంటే పాత నల్ల మెనూ వచ్చేస్తుంది, ఆ తిరుగుడు ఉండదు.

ఇంకోటి అసలైనది, దీని గురించి చాలామంది భయపడి హార్డ్ డిస్క్ పోయిందనుకుంటున్నారు. కిట్టు చెప్పిన ఆ ఫాస్ట్ బూట్ మంత్రమేంటంటే షట్‌డౌన్ చేసినప్పుడు ఇది నిజంగా పూర్తిగా ఆగదు, కెర్నెల్ ని, అంటే విండోస్ గుండెకాయని, హైబర్నేట్ లాగా డిస్క్ లో దాచుకుంటుంది. దాంతో పార్టిషన్లు తెరిచి ఉంచినట్టే లెక్క. మీరు ఆ తర్వాత 7 లోకి వెళ్తే డీ డ్రైవ్, ఈ డ్రైవ్ అన్నిటికీ చెక్‌డిస్క్ (డిస్క్ లో తప్పులు వెతకడం) మొదలెడుతుంది, ప్రతిసారీ. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్ లో పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్ కొట్టండి, గొడవ ఉండదు. బూట్ కొన్ని సెకన్లు లేటవుతుంది, అవ్వనీండి. రీస్టార్ట్ కొడితే మాత్రం మామూలుగానే పూర్తిగా ఆగి లేస్తుంది.

పార్టిషన్ జోలికే వద్దనుకుంటే వర్చువల్ హార్డ్ డిస్క్ (హార్డ్ డిస్క్ లాగా పనిచేసే ఒకే ఫైల్) లోకి ఎక్కించి దాన్నుంచే బూట్ చేయొచ్చు. నేనిప్పుడు అలాగే ఉన్నా, నచ్చకపోతే ఒక ఫైల్ డిలీట్, బూట్ మెనూలో ఒక లైన్ తీసేయడం, అంతే.

తెనాలి_డీటీపీ | మార్చి 30, రాత్రి 10:18

ఉగాది హడావుడిలో ఇటు రాలేకపోయా, అందరికీ థాంక్స్. కిట్టు తమ్ముడు చెప్పినట్టే మూల సిస్టమ్‌లోనే వేశా. బూట్ లోగోలో ఒక చేప బొమ్మ ఈదుతున్నట్టు, బాగుంది. వేయడానికి పెద్ద టైమే పట్టలేదు, సౌండ్, నెట్ వాటంతటవే పట్టుకుంది. ప్రింటర్ మాత్రం ఎక్కలేదు, ఆ కంపెనీ వాళ్లకి ఫోన్ చేస్తే "సార్ ఆ విండోస్ ఇంకా రాలేదు కదా" అన్నారు, కాదనలేకపోయా.

మన తెలుగు పాత ఫాంట్ సాఫ్ట్‌వేర్ సెటప్ తెరుచుకోలేదు. హన్మకొండ అన్న మీద ఒట్టు, నేను వెంటనే విండోస్ 8 ని తిట్టా, తర్వాత తెలిసింది అది 16 బిట్ సెటప్ అని, 64 బిట్ విండోస్ లో ఏదైనా సరే 16 బిట్‌వి నడవవని, 7 లో అయినా అంతేనని. మళ్లీ అలారం, మళ్లీ రాత్రి రెండు, 32 బిట్‌ది 2.5 జీబీ. దాంట్లో 16 బిట్ సపోర్ట్ ఆన్ చేయమంటావా అని అదే అడిగి ఎక్కించుకుంది. యూనికోడ్ తెలుగు అయితే ఏం వేయక్కర్లేకుండానే చక్కగా కనిపిస్తుంది, ఎక్స్‌పీ లో లాగా సీడీ పెట్టు అని అడుక్కోదు. మెనూలన్నీ తెలుగులో ఉండే ప్రివ్యూ మాత్రం లేదు, ఇంగ్లీషు, చైనీస్, ఫ్రెంచ్, జర్మన్, జపనీస్ అంతే ఇచ్చారు.

కాపీ విండో గురించి చెప్పింది నూటికి నూరు నిజం, మా కుర్రాడు ఇప్పుడు కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లన్నీ అక్కడికే పట్టుకెళ్తున్నాడు.

కానీ మొన్న ఏం జరిగిందంటే, రోజూ మా షాపుకి వచ్చి అర్జీలు టైప్ చేసుకునే రిటైర్డ్ మాస్టారు ఒకాయన ఉన్నారు, కంప్యూటర్ బాగానే వచ్చు ఆయనకి, ఎక్స్‌పీ లో నాకంటే స్పీడు. మిగతావి ఖాళీ లేక ఆయన్ని దీని ముందు కూర్చోబెట్టి నేను జిరాక్స్ పనిలో పడ్డా. పావుగంట తర్వాత చూస్తే ఆయన చేతులు కట్టుకుని అలాగే చూస్తూ కూర్చున్నారు. ఏంటి మాస్టారూ అంటే "టైమ్, తేదీ చూపిస్తోందయ్యా, లోడవుతోందేమో అని ఆగా" అన్నారు. అది లాక్ స్క్రీన్. ఏదో ఒక కీ నొక్కాలి లేదా మౌస్ తో పైకి లాగాలి, ఆ సంగతి అక్కడ ఎక్కడా రాసి లేదు. నొక్కి చూపిస్తే పలకలు వచ్చాయి, ఆయన ఒకసారి నన్ను ఒకసారి దాన్ని చూసి, "ఎక్స్‌పీది ఖాళీ అయ్యాక పిలువు, బయట బెంచీ మీద ఉంటా" అని లేచి వెళ్లిపోయారు.

ఇంతకీ ఆ లాక్ స్క్రీన్ తీసేసి సరాసరి డెస్క్‌టాప్ కి వెళ్లే దారి ఏదైనా ఉందా?

కీబోర్డ్_కిట్టు | మార్చి 30, రాత్రి 10:41

లాక్ స్క్రీన్ ని గ్రూప్ పాలసీ అనే సెట్టింగ్స్ టూల్ లో ఆపొచ్చన్నా, పర్సనలైజేషన్ కింద ఉంటుంది చూడు. సరాసరి డెస్క్‌టాప్ కి మాత్రం ఇందులో సెట్టింగ్ లేదు, పలకల్లోంచి దాటాల్సిందే, డెస్క్‌టాప్ పలక ని మొదట్లో పెట్టుకుంటే లాగిన్ అవ్వగానే ఎంటర్ కొడితే పోతుంది. స్టార్ట్ బటన్ కోసం స్టార్‌డాక్ అనే కంపెనీ వాళ్లు స్టార్ట్8 అని ఒక సాఫ్ట్‌వేర్ బీటా ఇస్తున్నారు, ఫ్రీనే, ట్రై చెయ్.

హన్మకొండ_హార్డ్‌వేర్ | మార్చి 31, ఉదయం 8:12

మాస్టారు సార్ కు నా నమస్తే చెప్పు. ఎక్స్‌పీ కు 2014 ఏప్రిల్ 8 దాక సపోర్టున్నది, అప్పటిదాక ఆ బెంచి మీద నాకు గూడ జాగ పెట్టమను.