పిల్లలకి మంచి తిండి అలవాటు చేసే ఫోన్ గేములు ఏమైనా ఉన్నాయా?

నమస్తే అండి, మాది ఒడిశాలో రాయగడ, సాయంత్రం వీధి పిల్లలకి ట్యూషన్ చెప్తాను. చోడంబలి, అదే రాగి అంబలి, గ్లాసు ఇస్తే పైన తెట్టు కట్టేదాకా అలాగే వదిలేస్తారు, చిప్స్ ప్యాకెట్ అయితే అడుగున పొడి కూడా వేలితో నాకేస్తారు. ప్రభుత్వం 2017 నుంచి మిల్లెట్ మిషన్ పెట్టి చోళ్ళు పండించమంటోంది, తినాల్సిన పిల్లలకేమో ఎక్కట్లేదు, చాలా బాధగా ఉంటుంది. ఫోన్లో గేమ్ అంటే మాత్రం ప్రాణం, అందుకే హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళ మై ప్లేట్ ఉంది కదా, కంచంలో సగం కూరలు పళ్ళు ఉండాలని, అలా కంచం సర్దితే పాయింట్లు వచ్చే గేమ్ ఏదైనా తెలిస్తే చెప్పండి. తెలుగో ఒడియానో ఉండాలి, నెట్ లేకపోయినా ఆడాలి, మధ్యలో కూల్ డ్రింక్ యాడ్లు అస్సలు రాకూడదు. ఇంకోటి, మీ పిల్లలు ఆడాక నిజంగా తిండి మారిందా, లేక పాయింట్లతోనే ఆగిపోయారా?